నిప్పు ముందా, వెనకా? టర్బో ఇంజన్ టైమింగ్‌పై సంవాదం

పెట్రోల్ ఇంజన్‌లో పిస్టన్ పైఅంచుకు చేరకముందే ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పడాలి. మంట సిలిండరంతా పాకడానికి కొంత సమయం పడుతుంది కనుక ఈ తొందర తప్పదు. పిస్టన్ పైఅంచు దాటి 12 నుంచి 16 డిగ్రీలు దిగేసరికి లోపలి ఒత్తిడి గరిష్ఠానికి చేరితే ఇంజన్ తన పూర్తి బలం చూపుతుంది. రవ్వ మరీ ముందు పడితే పైకి వస్తున్న పిస్టన్‌ను మంట కిందికి తోస్తుంది. మరీ ఆలస్యమైతే వేడి పని చేయకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. పైఅంచుకు ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పడాలో చెప్పే అంకే ఇగ్నిషన్ టైమింగ్. దాన్ని ముందుకు జరపడం అడ్వాన్స్, వెనక్కి జరపడం రిటార్డ్.

ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ఈ లెక్క ఇరుకవుతుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ షాఫ్ట్ ఒక మిల్లీసెకనులో 6 డిగ్రీలు తిరుగుతుంది. 6000 దగ్గర అదే మిల్లీసెకనులో 36 డిగ్రీలు తిరుగుతుంది. ఐడ్లింగ్‌లో ఎవరికీ పట్టని ఆలస్యం ఆర్‌పీఎం మీటర్ ఎర్రగీత దగ్గర పిస్టన్‌ను కరిగించేంత తేడా అవుతుంది. దానికి టర్బో తోడైతే, ఆ టర్బో బూస్ట్‌ను కంపెనీ పెట్టిన హద్దు దాటించి పెంచితే, రవ్వ పడాల్సిన చోటు, పడటానికి కావలసిన వోల్టేజీ, పడిన తర్వాత మంట నడిచే తీరు మూడూ మారిపోతాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో టర్బో అనగానే గుర్తొచ్చేవి డీజిల్ బండ్లు. డీజిల్‌కు ప్లగ్ రవ్వ ఉండదు. అక్కడి గొడవ ఇంజెక్షన్ టైమింగ్‌ది, అది వేరే చర్చ. అయితే 2013లో పోలో జీటీ టీఎస్ఐ, ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్, 2017లో బలెనో ఆర్ఎస్, నెక్సాన్, 2019లో వెన్యూ వచ్చాక చిన్న పెట్రోల్ టర్బోలు ఈ రోడ్ల మీదా మామూలయ్యాయి. వాటితోపాటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు మార్చే రీమ్యాప్‌లూ వచ్చాయి. జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి మీదుగా కర్నూలు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఖాళీగా కనిపించిన రోజున ఈ బండ్ల అసలు జబ్బు బయటపడుతుంది.

ఉదాహరణకు టీజీ 31 ప్లేటున్న ఒక నాగర్‌కర్నూల్ కారును ఊహించుకుంటే చాలు. నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కాయిల్, బూస్ట్ ఒక బార్ దాకా పెంచిన రీమ్యాప్. 5000 వరకు దూసుకుపోతుంది. 5500 దాటగానే మిస్సింగ్ కొడుతుంది, పికప్ చచ్చిపోతుంది. ఈ బండి మీద వాదించే ఇద్దరూ ఊహించిన వాళ్లే. ఒకరు డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల కాలం నుంచి పని చేస్తున్న గద్వాల మేస్త్రీ. రెండో వ్యక్తి వనపర్తి రాజుల ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివి, హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని రీమ్యాప్‌లు రాసే ట్యూనర్.

మేస్త్రీ: తమ్మీ, నువ్వు టైమింగ్ ఎక్కువ ముందుకు జరిపినవ్. నాలుగు డిగ్రీలు వెనక్కి గుంజు, బండి సాఫ్ అయితది. అంబాసిడర్ కాలం నుంచి చూస్తున్న. అనుమానమొస్తే వెనక్కి గుంజుడే.

ట్యూనర్: ఉస్తాద్, మిస్సింగ్‌కూ అడ్వాన్స్‌కూ సంబంధమేంటి? అడ్వాన్స్ ఎక్కువైతే ఇంజన్ కొట్టుకుంటుంది, నాకింగ్ వస్తుంది. ఇది తడబడుతోంది. ముందు ఏ జబ్బో తేల్చాలి కదా.

ట్యూనర్ ఇక్కడ ఎత్తిన ప్రశ్నే ఈ విషయమంతటికీ మొదలు. ఎక్కువ ఆర్‌పీఎంలో టైమింగ్ తప్పిందనే ఫిర్యాదు వెనక వేరువేరు జబ్బులుంటాయి. రవ్వ అసలు పడకపోవచ్చు, లేదా సగం బలంతో పడవచ్చు. ఈసీయూ ఒక డిగ్రీ చెబితే రవ్వ ఇంకో డిగ్రీ దగ్గర పడవచ్చు. చెప్పిన చోటే పడినా ఆ అంకె ఈ గాలికి, ఈ పెట్రోలుకు నప్పకపోవచ్చు. ఈసీయూయే నాకింగ్ విన్నాననుకుని రవ్వను వెనక్కి లాగుతుండవచ్చు. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ఇవన్నీ ఒకేలా తెలుస్తాయి: పైన బలం లేదు. మందులు మాత్రం వేరు. కొన్నిచోట్ల ఒకదాని మందు ఇంకోదానికి విషం.

మేస్త్రీ: సరే, రవ్వ సంగతే మాట్లాడుదాం. పాయింట్లున్నప్పుడు ఒక్క కాయిల్ నాలుగు ప్లగ్గులకు పని చేసేది. స్పీడు ఎక్కితే కాయిల్ నిండేది కాదు. ఆడ మిస్సింగ్ కొడితే అందరికీ సమజయ్యేది. ఇప్పుడు ప్లగ్గుకొక కాయిల్ ఉంది కద, టైం ఎందుకు చాలదు?

ట్యూనర్: టైం చాలుతుంది ఉస్తాద్. డిస్ట్రిబ్యూటర్ ఇంజన్‌లో 6000 దగ్గర సెకనుకు 200 రవ్వలు. అంటే కాయిల్‌కు రవ్వకూ రవ్వకూ మధ్య 5 మిల్లీసెకన్లే. అందులో కొంత రవ్వ మండటానికే పోతుంది. ఇప్పుడు ఒక్కో కాయిల్‌కు 20 మిల్లీసెకన్లు. చాలా కాయిళ్లకు నిండటానికి 3 మిల్లీసెకన్ల చుట్టుపక్కల చాలు. కాబట్టి ఇది కాయిల్ నిండకపోవడం వల్ల కాదు.

మేస్త్రీ: 14 వోల్టులు అందితే మూడు. ఎర్తు వదులై, ఆల్టర్నేటర్ బలహీనపడి 10 వోల్టులే అందితే? ఆ మూడు సరిపోతదా? నువ్వు బ్యాటరీ వోల్టేజీ ల్యాప్‌టాప్ లాగ్‌ల చూసినవా?

ట్యూనర్ వాదనలో ఒక ఖాళీ ఉంది, మేస్త్రీ దాన్ని పట్టుకున్నాడు. కాయిల్‌లో కరెంటు నిండే వేగం దానికి అందే వోల్టేజీని బట్టి ఉంటుంది. 10 వోల్టుల దగ్గర 14 వోల్టులకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. కంపెనీ ఈసీయూలో వోల్టేజీకి తగ్గట్టు డ్వెల్ సమయం (కాయిల్ నింపే సమయం) మార్చే పట్టిక ఉంటుంది. విడిగా కొన్న ఈసీయూ పెట్టి, వేరే బండి కాయిళ్లు తగిలించినప్పుడు ఆ పట్టికను ఊహతో నింపేవాళ్లు ఎక్కువ. తక్కువ ఇస్తే రవ్వ బలహీనం, ఎక్కువ ఇస్తే కాయిల్ వేడెక్కి లోపలి తీగ మీది పూత మాడిపోతుంది. రెండోది వేసవిలో ముందుగా తెలుస్తుంది.

అయినా ఈ బండి విషయంలో అసలు నేరస్థుడు కాయిల్ కాకపోవచ్చు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గాలిని చీల్చి రవ్వ దూకాలంటే కావలసిన వోల్టేజీ ఆ మధ్య దూరంతోనూ, అక్కడి ఒత్తిడితోనూ కలిపి పెరుగుతుంది. ఒక బార్ బూస్ట్ అంటే సిలిండర్‌లోకి దాదాపు రెండింతల గాలి. నొక్కిన తర్వాత దాని ఒత్తిడీ అంతే పెరుగుతుంది. మామూలు ఇంజన్‌లో 1.0 లేదా 1.1 మిల్లీమీటర్ల గ్యాప్‌ను హాయిగా దాటిన కాయిల్ ఇక్కడ దాటలేదు. వోల్టేజీ వేరే దారి వెతుక్కుంటుంది. పింగాణీ పక్కనుంచో, కాయిల్ రబ్బరు చీలిక నుంచో ఇంజన్ హెడ్‌కు దూకుతుంది.

మేస్త్రీ: గది. ప్లగ్ విప్పు, ఫీలర్ గేజ్ పెట్టు. 0.7కు తేవాలె.

ట్యూనర్: ఒప్పుకుంటా. కానీ ఇరిడియం ప్లగ్‌ను స్క్రూడ్రైవర్‌తో వంచకండి. మధ్య ఎలక్ట్రోడ్ సన్నటి సూది, తగిలితే విరుగుతుంది. పైకొక్కేన్నే వంచాలి. ఒక మెట్టు చల్లటి ప్లగ్ కూడా వేయాలి.

మేస్త్రీ: చల్లటిదంటే ఎన్‌జీకేల నంబరు పెంచాలె, బాష్‌ల తగ్గించాలె. ఇది తెల్వక ఉల్టా వేసినోళ్లను చూసిన.

ప్లగ్ దగ్గర ఇద్దరూ ఏకమయ్యారు. మిస్‌ఫైర్ వల్ల వచ్చే ఇంకో మోసాన్ని మాత్రం ట్యూనర్లు తరచూ మర్చిపోతారు. రవ్వ పడని సిలిండర్ నుంచి మండని గాలి అలాగే బయటికి వస్తుంది. ఎగ్జాస్ట్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది. ల్యాప్‌టాప్‌లో ఆ అంకె నమ్మినవాడు పెట్రోలు పెంచుతాడు. ప్లగ్గులు మసిబారి మిస్సింగ్ ఇంకా ఎక్కువవుతుంది, మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగిస్తుంది. మిస్సింగ్ కొడుతున్నంతసేపు మిశ్రమం అంకెను నమ్మకూడదు.

గ్యాప్ సరిచేశాక బండి తడబాటు పోయిందనుకున్నా 5500 పైన బలం ఇంకా రాలేదనుకోవచ్చు. వాదం అప్పుడే వేడెక్కుతుంది.

ట్యూనర్: ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. లాగ్‌లో గాలి ఉష్ణోగ్రత చూడండి. మే నెల, బయట 40 డిగ్రీలు. గాలిని ఒక బార్ నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, టర్బో నుంచి బయటపడేది 138 డిగ్రీల దగ్గర. ఇంటర్‌కూలర్ అందులో 70 శాతం పెరుగుదలను తీసేసినా ఇంజన్‌లోకి వెళ్లేది 70 డిగ్రీల గాలి. బయట 25 డిగ్రీలుంటే ఇదే గాలి 53 దగ్గర వెళ్తుంది. ఒకే మ్యాప్ రెంటికీ ఎలా పనికొస్తుంది?

మేస్త్రీ: నేను చెప్పింది అదే కద! ఎండకు ఇంజన్ కొట్టుకుంటది, వెనక్కి గుంజు అంటే నవ్వినవ్.

ట్యూనర్: వెనక్కి గుంజడానికీ, ఎండకు తగ్గట్టు గుంజడానికీ తేడా ఉంది ఉస్తాద్. గాలి వేడిని బట్టి రవ్వను సవరించే పట్టిక ఈసీయూలోనే ఉంటుంది. కొందరు రీమ్యాప్‌లో ఇంజన్ బలం కొలిచే డైనో మీద అంకెలు బాగా కనిపించాలని ఆ సవరణను తీసేస్తారు. నవంబరులో బాగానే ఉంటుంది, ఏప్రిల్‌లో పిస్టన్ పగులుతుంది.

నాకింగ్ అంటే మంట చేరకముందే, చివరి మూలనున్న మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలడం. వేడి పెరిగితే ఆ పేలుడుకు పట్టే సమయం తగ్గుతుంది. ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో నాకింగ్ తప్పకుండా పెరుగుతుందని వాళ్ల భావన. నిజానికి వేగం పెరిగితే సిలిండర్‌లో సుడి పెరిగి మంట వేగంగా పాకుతుంది, చివరి మూల మిశ్రమానికి పేలడానికి దొరికే వ్యవధి తగ్గుతుంది. అందుకే నాకింగ్ ఎక్కువగా పూర్తి బూస్ట్ అందుకున్న మధ్య ఆర్‌పీఎంలో వస్తుంది. సరైన మ్యాప్‌లో టార్క్ శిఖరం దాటాక టైమింగ్ కొన్ని డిగ్రీలు ముందుకు జరుగుతుంది. ఇక పిస్టన్‌ను ఒక్క దెబ్బకు చంపగల రకం 2500 కన్నా తక్కువ ఆర్‌పీఎంలో, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో, రవ్వతో పని లేకుండా వస్తుంది. మన్ననూరు దాటాక నల్లమల ఘాట్‌లో టాప్ గేర్‌లోనే యాక్సిలరేటర్ తొక్కే అలవాటున్నవాళ్లకు అది పనికొచ్చే హెచ్చరిక. ఏపీఐ ఎస్‌పీ శ్రేణి ఇంజన్ ఆయిల్ వచ్చింది కొంతవరకు దానికోసమే.

మరి చిన్న టర్బోను పిండినప్పుడు పైఆర్‌పీఎంలో నాకింగ్ ఎందుకొస్తుంది? కంపెనీ పెట్టిన టర్బో ఆ గాలి ఇవ్వడానికి పుట్టినది కాదు. తన సామర్థ్యం దాటి తిరిగితే గాలి కన్నా వేడే ఎక్కువ ఇస్తుంది. టర్బైన్ దగ్గర దారి ఇరుకై సైలెన్సర్ వైపు ఒత్తిడి పెరుగుతుంది. మండిన వాయువు పూర్తిగా బయటికి పోక సిలిండర్‌లోనే కొంత మిగిలి, కొత్త మిశ్రమాన్ని ముందే కాగబెడుతుంది. ఈ పరిస్థితిలో టైమింగ్ తగ్గించడం చివరి మాట కాదు. పైఆర్‌పీఎంలో బూస్ట్ తగ్గించడమే సరైన మందు. గుర్రపుశక్తి అంకె కోసం ఆరాటపడేవాళ్లకు ఈ మాట రుచించదు.

ట్యూనర్: పెట్రోలు కూడా మారింది. బీఎస్ 6 పెట్రోలు ఆక్టేన్ 91. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 అయితే 95. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది, ఆవిరయ్యేటప్పుడు చల్లబరుస్తుంది కూడా. ఒకటి రెండు డిగ్రీలు ముందుకు జరపొచ్చు.

మేస్త్రీ: ఏ బంకుల? ఈ పెట్రోలుకు రాసిన మ్యాప్ పెట్టుకుని వేరే రాష్ట్రం పోయి, నిల్వ ఉన్నదో, నీళ్లు కలిసిందో పోసుకుంటే? ఇథనాల్ నీళ్లను గుంజుతది. మా రాజోలి మండలం పెద్ద ధన్వాడల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2025ల రైతులు ఎంత కొట్లాడిన్రో చూసినవ్ కద. జనం దాని గురించి అడిగేది వేరే, నువ్వు చెప్పేది వేరే.

పెద్ద ధన్వాడ రైతుల అభ్యంతరం నీరు, నేల, గాలి గురించి. ఇంజన్ కోణం అందులో లేదు. రెండింటినీ కలపడం మేస్త్రీ వాదనలోని తడబాటు. పెట్రోలు విషయంలో మాత్రం అతని జాగ్రత్తకు విలువ ఉంది. ఇథనాల్ శాతం పెరిగితే అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. 6000 దగ్గర ఇంజన్ చక్రమంతా 20 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు చిమ్మడానికి దొరికేది అందులో చిన్న ముక్క. ఇంజెక్టర్ అప్పటికే నిండా తెరిచి ఉంటే అదనపు పెట్రోలు రాదు, మిశ్రమం పలచబడి నాకింగ్ వస్తుంది. చూసేవాడు టైమింగ్ తప్పనుకుంటాడు.

ఇద్దరి మధ్య అసలు చీలిక మేస్త్రీ మొదటి మాట దగ్గరే ఉంది. అనుమానమొస్తే వెనక్కి గుంజడం క్షేమమా?

మేస్త్రీ: వెనక్కి గుంజితే ఇంజన్ చచ్చిపోయిందని నేనెప్పుడూ చూడలే. పికప్ తగ్గుతది, అంతే కద.

ట్యూనర్: అది టర్బో లేని ఇంజన్‌లో, ఉస్తాద్. మంట ఆలస్యమైతే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే వేళకి ఇంకా మండుతూనే ఉంటుంది. ఆ మంట నేరుగా మ్యానిఫోల్డ్‌లోకి, టర్బైన్ మీదికి పోతుంది. పెట్రోల్ టర్బైన్లు 950 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ దాకానే తట్టుకుంటాయి. బీచుపల్లి నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఒకే ఊపులో తొక్కితే మ్యానిఫోల్డ్ ఎర్రగా కాలి పగులుతుంది. వాల్వ్ అంచు కాలుతుంది. వేడెక్కిన ప్లగ్ కొన రవ్వ అక్కర్లేకుండానే ముందుగా అంటిస్తుంది. మీరు టైమింగ్ వెనక్కి పెట్టారు, ప్లగ్ దాన్ని ముందుకు పెట్టింది. అప్పుడు ఎవరూ ఆపలేరు.

మేస్త్రీ: అట్లయితే ముందుకు జరిపినా చస్తది, వెనక్కి జరిపినా చస్తదా?

ట్యూనర్: రెండింటికీ మధ్యలో సన్నటి దారి ఉంది. బూస్ట్ ఎక్కువైన కొద్దీ ఆ దారి సన్నబడుతుంది. దాన్ని కొలిచి పట్టుకోవాలి, చెవితో కాదు.

ఈ విషయంలో తీర్పు ట్యూనర్ వైపే. రిటార్డ్‌ను క్షేమంగా భావించడం టర్బో లేని రోజుల అలవాటు. ఆ రోజుల్లో డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు వేగానికి విచ్చుకుని అడ్వాన్స్ ఇచ్చేవి. స్ప్రింగ్ సాగితే అడ్వాన్స్ ఎక్కువయ్యేది, బాడీని కాస్త తిప్పి వెనక్కి తెస్తే సరిపోయేది. టర్బో ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వేడి టర్బైన్‌ను నడిపే శక్తి కూడా, దాన్ని కాల్చే శక్తి కూడా. అందుకే బూస్ట్ పెంచిన బండికి మ్యానిఫోల్డ్‌లో ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ లేకుండా పైఆర్‌పీఎం మ్యాప్ రాయడం గుడ్డి పని. కంపెనీలు ఈ వేడిని తగ్గించడానికే నిండు లోడులో పెట్రోలు ఎక్కువ పోస్తాయి. మైలేజీ కోసం రీమ్యాప్‌లో ఆ పెట్రోలును తగ్గించడం ఇంకో తప్పు.

నాకింగ్ విని టైమింగ్ సవరించుకునే ఇంజన్ ఉండగా ఈ తంటా ఎందుకని అడిగేవాళ్లున్నారు. 1978లో బ్యూక్ టర్బో వీ6 ఇంజన్‌కు నాక్ సెన్సర్ పెట్టి రవ్వను వెనక్కి లాగే ఏర్పాటు చేశారు. 1980ల మొదట్లో సాబ్ కంపెనీ తన ఏపీసీ పద్ధతిలో నాకింగ్ వినపడితే బూస్ట్‌నే తగ్గించింది. పైన చెప్పిన కారణాల వల్ల ఇప్పటికీ అదే మంచి ఆలోచన అనిపిస్తుంది. ఇప్పుడు రెండు పనులూ ఈసీయూ చేస్తుంది.

ట్యూనర్: లాగ్‌లో 5500 పైన ఈసీయూ అయిదు డిగ్రీలు వెనక్కి లాగుతోంది. నాకింగ్ ఉన్నట్టే కదా.

మేస్త్రీ: నిజం నాకింగేనా, వేరే చప్పుడా? ఆ సెన్సర్ బ్లాకు అదురును వింటది, అంతే. 6000ల వాల్వ్‌లు కొట్టుకుంటయి, పిస్టన్ అటూ ఇటూ తన్నుకుంటది, వదులైన హీట్ షీల్డ్ గిలగిల ఊగుతది. కురుమూర్తి జాతరల డప్పుల నడుమ పేరు పెట్టి పిలిస్తే వినపడతదా? ఈ బండికి పిస్టన్లు మార్చిన్రా?

ట్యూనర్: ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేశారు. ఇంజన్ మౌంట్లు కూడా గట్టివి.

మేస్త్రీ: మరింకేం. ఆ పిస్టన్లకు గ్యాప్ ఎక్కువ పెడతరు, చల్లగున్నప్పుడు ఇంకా ఎక్కువ కటకటలాడతయి. నీ సెన్సర్ దాన్నే నాకింగ్ అనుకుంటున్నది.

నాక్ సెన్సర్ బోర్ వ్యాసాన్ని బట్టి వచ్చే ఒక స్వరాన్నే ఎక్కువగా వింటుంది. 75 మిల్లీమీటర్ల బోరుకు అది సెకనుకు ఏడువేల కంపనాల చుట్టూ ఉంటుంది. పిస్టన్ పైఅంచు దాటిన తర్వాత కొన్ని డిగ్రీల వ్యవధిలోనే చెవి పెడుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి మౌంట్లు పెట్టిన ఇంజన్‌లో ఆ నేపథ్య చప్పుడే మారిపోతుంది. అప్పుడు ఈసీయూ లేని నాకింగ్‌కు రవ్వను వెనక్కి లాగుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, బలం పోతుంది. దీన్ని సరిచేయడానికి సెన్సర్‌ను ఆపేయడం కన్నా మూర్ఖత్వం లేదు. బూస్ట్ బాగా తగ్గించి, టైమింగ్ కొన్ని డిగ్రీలు వెనక్కి పెట్టి, అదే ఆర్‌పీఎంలో చూడాలి. నాకింగ్‌కు అవకాశమే లేని ఆ స్థితిలోనూ సెన్సర్ అరిస్తే అది చప్పుడే. అప్పుడు హద్దులు ఆ ఆర్‌పీఎం గడుల్లోనే పెంచుకోవచ్చు. అరవకపోతే ముందు విన్నది నిజమైన నాకింగ్. కంపెనీ ఈసీయూల్లో ఇంకో చిక్కుంది. ఇంజన్ ఇస్తున్న టార్క్ తన లెక్క దాటిందనిపిస్తే, నాకింగ్ లేకపోయినా రవ్వను వెనక్కి లాగి టార్క్ తగ్గిస్తాయి. లాగ్‌లో ఆ కారణాన్ని విడిగా చూడని ట్యూనర్ లేని నాకింగ్‌ను వెతుకుతూ కూర్చుంటాడు.

మేస్త్రీ: ఒక మాట అడుగుత తమ్మీ. నీ ల్యాప్‌టాప్‌ల 18 డిగ్రీలని రాసుంది. రవ్వ నిజంగ 18 దగ్గర పడుతున్నదని ఎవరు చెప్పిన్రు?

ట్యూనర్: ఈసీయూయే కదా చెప్పేది.

మేస్త్రీ: ఈసీయూ తను అనుకున్నది చెప్తది. లైటు పట్టి చూసినవా?

సంవాదం మొత్తంలో మేస్త్రీ వేసిన బలమైన ప్రశ్న ఇదే. ఈసీయూకు పిస్టన్ ఎక్కడుందో తెలిసేది క్రాంక్ సెన్సర్ ద్వారా. పళ్లచక్రం తిరుగుతుంటే సెన్సర్ ఒక్కో పంటికి ఒక సంకేతం ఇస్తుంది. 60 పళ్లలో రెండు తీసేసిన చక్రం అయితే పంటికి 6 డిగ్రీలు. లేని పళ్ల దగ్గర ఈసీయూ చుట్టు మొదలు గుర్తిస్తుంది. అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే సెన్సర్ అయితే వేగం పెరిగే కొద్దీ దాని సంకేతం ఎత్తు పెరుగుతుంది. రెండు తీగలు తారుమారైతే ఈసీయూ తప్పు అంచును పట్టుకుంటుంది, టైమింగ్ ఆర్‌పీఎంతో పాటు జరిగిపోతుంది. సెన్సర్ తీగ కాయిల్ తీగల పక్కనుంచి పోతే పైఆర్‌పీఎంలో దొంగ సంకేతాలు వస్తాయి. ఆ చప్పుడు తగ్గించడానికి పెట్టిన ఫిల్టర్ 100 మైక్రోసెకన్లు ఆలస్యం చేస్తే 1000 దగ్గర 0.6 డిగ్రీ తేడా, ఎవరూ పట్టుకోలేరు. 6500 దగ్గర అదే ఆలస్యం 3.9 డిగ్రీలవుతుంది.

ట్యూనర్: కంపెనీ ఈసీయూ, కంపెనీ సెన్సర్ ఉన్న బండిలో ఇలా జరగదు ఉస్తాద్. ఫ్యాక్టరీలోనే లెక్క సరిచేసి పంపుతారు.

మేస్త్రీ: విడి ఈసీయూ పెట్టిన బండ్ల? క్లచ్ మార్చేటప్పుడు ఫ్లైవీల్ మార్చినోళ్ల? తేలిక పుల్లీ వేసినోళ్ల?

రెండు మాటలూ నిజమే. కేవలం రీమ్యాప్ చేసిన బండిలో ఈ జబ్బు అరుదు. ఇంజన్ విప్పి భాగాలు మార్చిన బండిలో మాత్రం ఇది మొదట అనుమానించాల్సిన చోటు. పరీక్ష కష్టం కాదు. ఈసీయూలో టైమింగ్‌ను 10 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేయాలి. మొదటి సిలిండర్ కాయిల్‌ను పైకి తీసి, కాయిల్‌కూ ప్లగ్‌కూ మధ్య ఒక పాత ప్లగ్ వైరు పెట్టి, దానికి టైమింగ్ లైటు క్లిప్పు తగిలించాలి. ఐడ్లింగ్‌లో చూసి, లోడు లేకుండా 5000 దాకా రైజ్ చేసి మళ్లీ చూడాలి. పుల్లీ మీది గీత కదలకూడదు. రెండు వేగాల్లోనూ ఒకే తేడా ఉంటే బేస్ అంకె తప్పు, దాన్ని సరిచేయాలి. ఆర్‌పీఎంతో పాటు జరిగితే సెన్సర్, తీగలు లేదా ఆలస్యం సవరణ తప్పు. మ్యాప్ ఎంత మార్చినా అది పోదు. పాత పుల్లీల్లో రబ్బరు జారి గీత అబద్ధం చెప్పడం మామూలే కనుక, ముందు పిస్టన్ స్టాప్‌తో అసలు పైఅంచును పట్టుకోవాలి. చవక టైమింగ్ లైట్లకు కూడా తమ ఆలస్యం ఉంటుంది. నమ్మకమైన మామూలు బండి మీద ఆ లైటును ముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

ట్యూనర్: సరే ఉస్తాద్. లైటు ముందు, ల్యాప్‌టాప్ తర్వాత. కానీ లోడు మీద చూడాలంటే హైవే ఎక్కక తప్పదు కదా.

మేస్త్రీ: మూడో గేర్‌ల 6000 అంటే స్పీడు హద్దు దాటినట్టే. ఆ రోడ్డు మీద ఎడ్లబండి, ట్రాక్టర్, గొర్లమంద అన్నీ అడ్డమొస్తయి. ల్యాప్‌టాప్ చూసుకుంట నడుపుతవా?

ఈ మాటకు ట్యూనర్ దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. పైఆర్‌పీఎం, నిండు లోడు పరీక్ష డైనోమీటర్ మీద చేయాల్సిన పని. అక్కడా ఒక్కసారి లాగి చూడటం చాలదు. వరుసగా కొన్ని లాగుడ్లు చేసి, ఇంటర్‌కూలర్ వేడెక్కాక అంకె ఎలా మారుతుందో చూడాలి. ఏసీ గదిలాంటి డైనో షెడ్డులో వచ్చిన టైమింగ్‌ను గద్వాల ఎండకు అలాగే వదలకూడదు.

నాగర్‌కర్నూల్ బండికి వీళ్లిద్దరి వాదం నుంచి తేలే క్రమం ఇదీ. మొదట ప్లగ్గుల గ్యాప్, కాయిళ్ల రబ్బర్లు, ఎర్తులు, బ్యాటరీ వోల్టేజీ. తర్వాత టైమింగ్ లైటు. ఆ తర్వాత బూస్ట్ తగ్గించి నాక్ సెన్సర్ పరీక్ష. ఇవి దాటాకే మ్యాప్. మ్యాప్‌లోనూ పైన బూస్ట్ తగ్గించడం ముందు, టైమింగ్ సవరణ తర్వాత, ఎగ్జాస్ట్ వేడి కళ్లముందు పెట్టుకుని. ఈ బండిలో తడబాటుకు గ్యాప్, బలం లేకపోవడానికి పిస్టన్ల చప్పుడుకు భయపడిన ఈసీయూ కారణాలుగా కనిపిస్తాయి. రెంటికీ ట్యూనర్ రాసిన 18 డిగ్రీలతో సంబంధం లేదు. మేస్త్రీ అడిగిన నాలుగు డిగ్రీల రిటార్డ్ ఇచ్చి ఉంటే, ఈసీయూ లాగిన అయిదుతో కలిసి తొమ్మిదయ్యేవి.

చట్టం సంగతి ఈ ఇద్దరూ ఎత్తలేదు గానీ బండి యజమాని తెలుసుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.